లాగ్ నుంచి వెళ్లే హెచ్చరికలకు పరిమితి పెడితే అసలు హెచ్చరికే ఆగిపోయింది. సరైన పద్ధతి ఏమిటి?

చలిగది (ప్రశ్న)

నమస్కారం. గుంటూరు దగ్గర ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో పనిచేస్తున్నాను. చదివింది ఎలక్ట్రికల్ డిప్లొమా. పైథాన్ సొంతంగా నేర్చుకుని, చాంబర్ల ఉష్ణోగ్రతలు గమనించే ప్రోగ్రాం రాశాను. దాన్ని చూసుకునేది నేనొక్కడినే. కాబట్టి కింద చెప్పబోయే పొరపాటు కూడా పూర్తిగా నాదే.

మాకు ఎనిమిది చాంబర్లు, ఒక్కోదానిలో ఆరు సెన్సార్లు, మొత్తం 48. ఇవన్నీ ఒకే ఆర్‌ఎస్-485 డేటా తీగ మీద వరసగా ఉన్నాయి. కంప్రెసర్ గదిలోని ప్యానెల్‌కు వేరే తీగ ఉంది. ప్రోగ్రాం నిమిషానికి ఒకసారి అన్నిటినీ అడిగి విలువలు తీసుకుంటుంది. ఏదైనా సెన్సార్ బదులివ్వకపోతే లాగ్‌లో, అంటే జరిగినవన్నీ నమోదయ్యే ఫైల్‌లో, ఎర్రర్ స్థాయి పంక్తి రాస్తుంది. ఎర్రర్ స్థాయిలో రాసిన ప్రతి పంక్తినీ పైథాన్‌లో ఉండే ఎస్ఎంటీపీ హ్యాండ్లర్ మెయిల్‌గా పంపుతుంది. మేనేజర్ గారు, రాత్రి షిఫ్ట్ ఆపరేటర్, నేను కలిసి చూసుకునే ఒకే చిరునామాకు అవి వస్తాయి. రెండేళ్లపాటు నెలకు మూడో నాలుగో మెయిళ్లు వచ్చేవి. వచ్చిన ప్రతిదాన్నీ చదివేవాళ్లం.

మే నెలలో ఒక రాత్రి ఈదురుగాలి, ఉరుములు. 1:20కి చాంబర్ల వైపు తీగ పోయింది. 48 సెన్సార్లూ ఒకేసారి మూగబోయాయి. నిమిషానికి 48 మెయిళ్లు వెళ్లడం మొదలైంది. మా మెయిల్ ఖాతా నుంచి రోజుకు 500కు మించి పంపడానికి వీల్లేదు. పదకొండో నిమిషంలో ఆ హద్దు దాటిపోయింది. ఆపరేటర్ నాకు ఫోన్ చేశాడు. "తీగ సంగతి పొద్దున్నే వచ్చి చూస్తాను, ఫోను మోగకుండా పెట్టుకో" అని చెప్పింది నేనే.

2:45కి ఆయిల్ ప్రెజర్ తగ్గి కంప్రెసర్ ట్రిప్ అయింది. లాగ్ ఫైల్‌లో ఆ పంక్తి స్పష్టంగా ఉంది. మెయిల్ మాత్రం వెళ్లలేదు. వెళ్లినా చూసేవాళ్లు లేరు. గాలివాన హోరులో కంప్రెసర్ ఆగిన సంగతి ఎవరికీ తెలియలేదు. 6:10కి షిఫ్ట్ మారేటప్పుడు చూశారు. గోడ మీది థర్మామీటర్ 6 డిగ్రీలు చూపాల్సింది, మూడో చాంబర్‌లో 8 చూపుతోంది. సరుకుకు ఏమీ కాలేదు. కానీ లోపల ఉన్నవి రైతుల మిర్చి టిక్కీలు (బస్తాలు). ధర వచ్చేదాకా ఆగుదామని, అప్పు తెచ్చుకుని మరీ దాచుకున్నవాళ్లు వాళ్లలో చాలామంది ఉన్నారు. ఆ మూడున్నర గంటలు గుర్తొస్తే ఇప్పటికీ నాకు కడుపులో తిప్పుతుంది.

మర్నాడే ఒక పరిమితి పెట్టాను. గంటకు 20 మెయిళ్లు, అంతకు మించితే పంపదు. సరిపోయిందో లేదో చూద్దామని ఒక మధ్యాహ్నం చాంబర్ల తీగ తీసేసి, పావుగంట తర్వాత కంప్రెసర్ ప్యానెల్‌లో టెస్ట్ బటన్ నొక్కాను. మెయిల్ రాలేదు. ఆ 20 మెయిళ్లనూ మొదటి నిమిషంలోనే సెన్సార్లు వాడేసుకున్నాయి.

ఎక్కువ పంపితే ఎవరూ చూడరు, తక్కువ పంపితే కావలసినదే ఆగిపోతుంది. ఈ పని తెలిసినవాళ్లు ఎలా చేస్తారో చెప్పండి.

నీలిపెట్టె

కంప్రెసర్ సందేశాన్ని ఎర్రర్ కన్నా పైదైన క్రిటికల్ స్థాయికి మార్చండి. మెయిల్ హ్యాండ్లర్‌కు క్రిటికల్ మాత్రమే వెళ్లేలా స్థాయి పెట్టండి. సెన్సార్ల గోల ఫైల్‌లోనే ఉంటుంది. రెండు పంక్తులు మారిస్తే చాలు.

చలిగది

ధన్యవాదాలండి. స్థాయి మార్చడం ఈ రోజే చేస్తాను. కానీ తీగ పోయిన సంగతి కూడా మాకు తెలియాలి. సెన్సార్లు లేకపోతే చాంబర్‌లో ఎంత వేడి ఉందో ప్రోగ్రాంకు తెలియదు. ఆపరేటర్ గంటగంటకూ లోపలికి వెళ్లి థర్మామీటర్ చూడాలి. అందుకే ఒక్కసారైనా చెప్పాలి, 48 సార్లు కాదు.

సర్వర్ల_కాపరి

ఇరవై ఏళ్లుగా సర్వర్లు చూసుకుంటున్నాను. మీ ప్రశ్న చదివాక పని పక్కన పెట్టి రాస్తున్నాను, ఎందుకంటే ఇదే పొరపాటు లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్‌లోనూ జరిగింది.

కెర్నెల్ తన సందేశాలకు చాలా కాలం క్రితమే ఒక హద్దు పెట్టుకుంది. మామూలుగా 5 సెకన్లలో 10 సందేశాలు, అంతకు మించినవి ఆగిపోతాయి. దీనికోసం ప్రింట్‌కే రేట్‌లిమిట్ అనే ఫంక్షన్ ఉంది. దాన్ని వాడే డ్రైవర్లన్నిటికీ కలిపి ఒకే లెక్క. నెట్‌వర్క్ కార్డు డ్రైవర్ ఆ పదీ వాడేసుకుంటే డిస్కు డ్రైవర్‌కు మాట్లాడే వంతు రాదు. అందుకే ఇప్పుడు ఆ ఫంక్షన్ పక్కనే ఒక వ్యాఖ్య ఉంటుంది: దయచేసి దీన్ని వాడకండి, సంబంధంలేని మిగతా చోట్లతో ఇది లెక్కను పంచుకుంటుంది అని. దాని బదులు సందేశం రాసే ప్రతి చోటుకూ సొంత లెక్క ఉండే మాక్రోలు వాడమంటారు. మీ గంటకు 20 పరిమితి సరిగ్గా ఆ పాత ఫంక్షనే. సెన్సార్ల ఖర్చు కంప్రెసర్ ఖాతాలో పడింది.

సిస్టమ్‌డీలోని జర్నల్ (లినక్స్‌లో సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ రాసే లాగ్) కూడా ఇలా విడివిడి లెక్కతోనే నడుస్తుంది. మామూలు అమరికలో 30 సెకన్లకు 10,000 సందేశాలు, అదీ ఒక్కో సర్వీసుకు విడివిడిగా. ఒకటి ఎంత అరిచినా పక్కదాని గొంతు నొక్కదు. హద్దు దాటాక ఫలానా సర్వీసు నుంచి ఇన్ని సందేశాలు ఆపేశామని ఒక పంక్తి రాస్తుంది. ఆ పంక్తిని నేను చాలా విలువైనదిగా చూస్తాను. ఎన్ని ఆగాయో చెప్పకుండా ఆపడాన్ని నేను పరిమితి అనను, దాచిపెట్టడం అంటాను.

కాబట్టి మీకు కావలసింది రకానికి ఒక లెక్క. పైథాన్ లాగింగ్‌లో దీనికి ఫిల్టర్ రాయాలి, అంటే ఏ సందేశం వెళ్లాలో ఏది ఆగాలో తేల్చే చిన్న కోడ్. ఒక్కో రకం సందేశానికి ఒక కుండ ఉందనుకోండి. అందులో మొదట మూడు బిళ్లలు ఉంటాయి. సందేశం పంపాలంటే ఒక బిళ్ల తీయాలి. పావుగంటకు ఒక బిళ్ల తిరిగి పడుతుంది, కుండ నిండితే ఇంక పడదు. బిళ్ల లేకపోతే సందేశం ఆగుతుంది, ఆగిన లెక్క ఒకటి పెరుగుతుంది. దీన్నే టోకెన్ బకెట్ అంటారు. మీ చోట మూడు కూడా ఎక్కువే, ఒక్కటి చాలు. ముప్పై పంక్తుల్లో రాసేయవచ్చు. చిక్కంతా చిన్న చిన్న విషయాల్లో ఉంది, అవి చెబుతాను.

రకం అంటే ఏమిటో ముందు తేల్చుకోండి. మీరు లాగ్ రాసేటప్పుడు సెన్సార్ నంబరును ఎఫ్-స్ట్రింగ్‌తో వాక్యంలోనే కలిపేస్తున్నారా? అలా అయితే ఫిల్టర్ కంటికి అవి 48 వేర్వేరు వాక్యాలు, 48 కుండలు, మొదటి నిమిషంలోనే 48 మెయిళ్లు. వాక్యాన్ని శాతం గుర్తుతో మూసగా రాసి, నంబరును పక్కన విడిగా ఇవ్వండి. అప్పుడు లాగ్ రికార్డులో మూస వేరుగా, విలువలు వేరుగా ఉంటాయి. మూసనే రకంగా తీసుకుంటే 48 సెన్సార్లూ ఒకే కుండలోకి వస్తాయి. జావాలో లాగ్‌బ్యాక్ వాళ్ల నకలు సందేశాల ఫిల్టర్ కూడా విలువలు నింపకముందు ఉన్న వాక్యాన్నే పోల్చుతుంది. యూనిక్స్ యంత్రాల పాత లాగ్ వ్యవస్థ సిస్‌లాగ్‌లో "చివరి సందేశం ఇన్నిసార్లు వచ్చింది" అనే పంక్తి చూసే ఉంటారు. అది అచ్చంగా ఒకేలా ఉన్నవి వెంటవెంటనే వస్తేనే పనిచేస్తుంది, నంబరు మారితే చాలు, పనికిరాదు.

ఫిల్టర్‌ను లాగర్‌కు (సందేశం పుట్టే చోటుకు) కాదు, మెయిల్ హ్యాండ్లర్‌కు తగిలించండి. ఇందులో చాలామంది పొరబడతారు. పిల్ల లాగర్ల నుంచి పైకి వచ్చే రికార్డులకు తల్లి లాగర్ మీది ఫిల్టర్ వర్తించదు. హ్యాండ్లర్‌కు తగిలిస్తే ఎక్కడి నుంచి వచ్చినా దాన్ని దాటే వెళ్లాలి. ఇంకో లాభం, మెయిల్‌కు మాత్రమే పరిమితి పడుతుంది, ఫైల్‌లోకి అన్నీ వెళ్తాయి. ఫైల్‌ను ఎప్పుడూ కోయకండి. ఆ రాత్రి 2:45 అని మీరు ఈ రోజు చెప్పగలిగారంటే ఫైల్ ఉండబట్టే. డిస్కు నిండుతుందన్న భయం ఉంటే ఫైల్ నిండగానే కొత్తది మొదలుపెట్టి మరీ పాతవి తీసేసే రొటేటింగ్ ఫైల్ హ్యాండ్లర్ పెట్టండి.

కాలం కొలవడానికి గోడ గడియారం లాంటి టైమ్ ఫంక్షన్ వాడకండి, మోనోటోనిక్ వాడండి. కరెంటు పోయి వచ్చాక కంప్యూటర్ గడియారం ఇంటర్నెట్ చూసి తనను తాను సరిచేసుకుంటుంది. అది వెనక్కి జరిగితే మీ కుండలో బిళ్లలు గంటల తరబడి పడవు. మోనోటోనిక్ ఎప్పుడూ వెనక్కి వెళ్లదు.

ఆగిన లెక్కను తర్వాతి సందేశంతో జతచేసి పంపుదామని అందరికీ తోస్తుంది. తర్వాతి సందేశం రాకపోతే? లెక్క లోపలే ఉండిపోతుంది. అందుకే విడిగా ఒక టైమర్ పెట్టి, పావుగంటకోసారి అన్ని కుండలూ చూసి, ఆగినవి ఉంటే ఒకే మెయిల్‌గా చెప్పించండి.

ఇంకొకటి. ఎస్ఎంటీపీ హ్యాండ్లర్ మెయిల్ వెళ్లేదాకా మీ ప్రోగ్రాంను నిలబెట్టేస్తుంది. ఆ రాత్రి సర్వర్ ఒక్కో మెయిల్‌నూ తిరస్కరిస్తున్నంతసేపూ మీ ప్రోగ్రాం సెన్సార్లను చదవడం మానేసి వాకిట్లో నిలుచుని ఉంటుంది. లాగ్ ఫైల్‌లో 1:31 తర్వాత నిమిషం నిమిషం సరిగ్గా ఉందో లేదో చూడండి. క్యూ హ్యాండ్లర్, క్యూ లిజనర్ అనే రెండు పైథాన్ 3.2 నుంచి ఉన్నాయి. మెయిల్ పనిని, పక్కనే సమాంతరంగా నడిచే వేరే థ్రెడ్‌కు అప్పగిస్తాయి.

చలిగది

ఇప్పుడే ఫైల్ తీసి చూశాను. మీరన్నది అక్షరాలా నిజం. 1:31 దాకా నిమిషానికి ఒక విడత ఉంది. ఆ తర్వాత విడతకూ విడతకూ మధ్య నాలుగు నిమిషాలు, ఒక చోట ఏడు నిమిషాలు. అంటే కంప్రెసర్ 2:45కే ఆగిందని కూడా గట్టిగా చెప్పలేను. ప్రోగ్రాం దాన్ని చూసింది 2:45కి, అంతే. ఎఫ్-స్ట్రింగ్ సంగతి కూడా నిజమే, అన్నీ అలాగే రాశాను.

గేజి_గది

విశాఖలో రసాయన కర్మాగారాల్లో ఇన్‌స్ట్రుమెంటేషన్ పనిచేసి రిటైరయ్యాను. ప్రోగ్రాములు రాయడం నాకు తెలియదు. అలారాలతో మాత్రం ముప్పై ఏళ్లు బతికాను. పైన సర్వర్ల కాపరి గారు చెప్పింది యంత్రం వైపు నుంచి. నేను మనిషి వైపు నుంచి ఒక మాట చెబుతాను.

1994 జులై 24న బ్రిటన్‌లోని వేల్స్‌లో, మిల్ఫర్డ్ హేవెన్ చమురు శుద్ధి కర్మాగారంలో పేలుడు జరిగింది. పొద్దున ఉరుములు మెరుపులతో మొదలైన గందరగోళం, దాదాపు ఐదు గంటల తర్వాత మధ్యాహ్నం పేలుడుతో ముగిసింది. 26 మంది గాయపడ్డారు. ఆదివారం కాబట్టి మనుషులు తక్కువగా ఉన్నారు. పేలుడుకు ముందు చివరి 11 నిమిషాల్లో ఇద్దరు ఆపరేటర్ల ముందు 275 అలారాలు మోగాయని విచారణ నివేదిక చెప్పింది. వాటిలో చాలావరకు ఎక్కువ ప్రాధాన్యం అని గుర్తు పెట్టినవే. అన్నీ ముఖ్యమైనవైతే ఏదీ ముఖ్యం కాదు. మీ 11 నిమిషాలు చదవగానే నాకు ఆ 11 నిమిషాలే గుర్తొచ్చాయి.

అంతకు ముందు 1979లో అమెరికాలోని త్రీమైల్ ఐలండ్ అణు కేంద్రంలోనూ అంతే. మొదటి కొద్ది నిమిషాల్లోనే వందకు పైగా అలారాలు మోగాయి. అలారాలను కాగితం మీద అచ్చువేసే ప్రింటర్ ఒక దశలో రెండు గంటలకు పైగా వెనకబడింది. ఆపరేటర్ చేతిలో కాగితం ఉంది, అది చెప్పేది మాత్రం ఎప్పుడో జరిగిపోయినదాన్ని. క్యూ పెట్టండని మీకు చెప్పారు, మంచిదే. కానీ క్యూలో కంప్రెసర్ సందేశం సెన్సార్ల వెనక నిలబడకూడదు. దానికి వేరే దారి ఇవ్వండి.

మా రంగంలో ఐఎస్ఏ 18.2 అనే ప్రమాణం 2009లో వచ్చింది. పది నిమిషాల్లో ఒక ఆపరేటర్‌కు పదికి మించి అలారాలు వస్తే దాన్ని అలారాల వరద అంటుంది. మీ రాత్రి ఆపరేటర్‌కు పది నిమిషాల్లో 480 వచ్చాయి. ఫోను మోగకుండా పెట్టుకోమని చెప్పినందుకు మిమ్మల్ని మీరు నిందించుకోకండి. ఆ స్థితిలో ఏ మనిషైనా అదే చేస్తాడు. అలాంటి స్థితి రాకుండా చూడటమే మనలాంటివాళ్ల పని.

నేనైతే ప్రతి సందేశానికీ ఒకటే అడుగుతాను. ఇది చూసిన మనిషి లేచి ఏం చేయాలి? 17వ నంబరు సెన్సార్ పలకలేదు అంటే రాత్రి పూట ఆపరేటర్ చేయగలిగేది ఏమీ లేదు. అది రేపటి పని, ఫైల్‌లో ఉంటే చాలు. ఒక చాంబర్‌లో ఆరింటికి నాలుగు పలకలేదు అంటే లోపలికి వెళ్లి థర్మామీటర్ చూడాలి. 48 పలకలేదు అంటే తీగ పోయింది. ఈ మూడూ మూడు వేర్వేరు వాక్యాలు. ఆ తేడా మీ ప్రోగ్రాం చెప్పాలి, నిద్రలోంచి లేచిన మనిషి లెక్కవేసుకునేలా ఉండకూడదు. ఎన్ని పంపాలన్న హద్దు దాని తర్వాతి సంగతి.

ఇంకో మాట. మెయిళ్లు తగ్గాక మీకు కొత్త భయం పట్టుకోవాలి. ఏమీ రావడం లేదంటే అంతా బాగుందా, ప్రోగ్రామే ఆగిపోయిందా? రోజూ రాత్రి 10కి, తెల్లవారుజామున 4కి "నడుస్తున్నాను, 48లో ఇన్ని పలుకుతున్నాయి" అని ఒక్క పంక్తి పంపించండి. అది రాకపోవడమే అప్పుడు అలారం. ఆ పంక్తికి ఎలాంటి పరిమితీ పెట్టకండి.

నీలిపెట్టె

నేను రెండు పంక్తులతో తేల్చేశాను, పై రెండు జవాబులూ చదివాక నా జవాబు సగమే అని అర్థమైంది. ఒక్కటి కలుపుతాను. కంప్రెసర్‌కు వేరే దారి అంటే వేరే మెయిల్ ఖాతా కూడా కావాలి. ఒకే ఖాతా అయితే రోజుకు 500 హద్దు రెండిటికీ కలిపే ఉంటుంది. వీలుంటే సిమ్ పెట్టిన జీఎస్ఎం మోడెమ్‌తో ఫోన్ కాల్ చేయించండి. ఇంటర్నెట్ పోయినా అది మోగుతుంది.

చలిగది

పది రోజుల తర్వాత రాస్తున్నాను. మీ అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను.

ఎఫ్-స్ట్రింగులన్నీ తీసేసి మూసలుగా మార్చాను. రకానికి ఒక కుండ, కుండకు ఒక్క బిళ్ల, పావుగంటకు ఒకటి. ఫిల్టర్ మెయిల్ హ్యాండ్లర్ మీదే ఉంది, ఫైల్‌ను ముట్టుకోలేదు. మెయిల్ పని వేరే థ్రెడ్‌లోకి వెళ్లింది. కంప్రెసర్ సందేశం ఇప్పుడు క్రిటికల్. దానికి ఫిల్టర్ లేని వేరే హ్యాండ్లర్, వేరే ఖాతా పెట్టాను. జీఎస్ఎం మోడెమ్ కొనడానికి మేనేజర్ గారు ఒప్పుకున్నారు, ఇంకా రాలేదు.

ఆదివారం మధ్యాహ్నం మళ్లీ పరీక్ష పెట్టాను. ఈసారి ఆపరేటర్‌ను పక్కనే కూర్చోబెట్టుకుని, ఫోను అతని చేతిలోనే ఉంచాను. ముందు గేజి గది గారు చెప్పిన మూడు వాక్యాలు పెట్టకుండా, వట్టి ఫిల్టర్‌తో చూద్దామనుకున్నాం. 12:04కి తీగ తీశాను. ఒక మెయిల్ వచ్చింది. పావుగంటకు లెక్క మెయిల్ వచ్చింది: ఇదే రకం మరో 719 ఆపబడ్డాయి అని. 48ని 15తో గుణిస్తే 720, పంపిన ఒక్కటి తీసేస్తే 719. కాగితం మీద వేసి చూసి, సరిపోయేసరికి నాకు కళ్లు చెమర్చాయి. 12:20కి కంప్రెసర్ టెస్ట్ బటన్ నొక్కాను. నిమిషం లోపే ఫోను మోగింది.

కానీ మొదట వచ్చిన ఆ ఒక్క మెయిల్ ఏమిటో తెలుసా? "సెన్సార్ 1 బదులివ్వలేదు." ఆపరేటర్ అది చదివి, ఒక్క సెన్సారే కదా, పొద్దున చూద్దాంలే అన్నాడు. అప్పుడు గేజి గది గారి మాట నాకు పూర్తిగా అర్థమైంది. పరిమితి సరిగ్గా పనిచేసింది, సమాచారం మాత్రం తప్పు చేరింది. ఆ సాయంత్రమే కూర్చుని, ఒక విడత మొత్తం అయ్యాక ఎన్ని పలకలేదో లెక్కవేసి ఒకే వాక్యం రాసేలా మార్చాను. ఇప్పుడు తీగ తీస్తే వచ్చేది ఇది: "చాంబర్ల తీగ తెగింది. 48లో 48 పలకడం లేదు. ప్రతి గంటకూ గోడ థర్మామీటర్లు చూసి పుస్తకంలో రాయండి." ఆ చివరి వాక్యం ఆపరేటర్ చెప్పిందే, అతని మాటల్లోనే పెట్టాను.

ఒక్క సందేహం మిగిలింది. ప్రోగ్రాంను నేను మధ్యలో ఆపి మళ్లీ మొదలుపెడితే, అప్పటిదాకా ఆగిన లెక్క పోతుంది కదా?

సర్వర్ల_కాపరి

పోతుంది. ప్రోగ్రాం మామూలుగా ముగిసేటప్పుడు నడిచే ఎట్‌ఎగ్జిట్‌లో ఆ లెక్కల మెయిల్ ఒకసారి పంపించండి. సిస్టమ్‌డీ ద్వారా ఆపుతుంటే అది పంపేది సిగ్‌టర్మ్ సంకేతం. దాన్ని మీరు పట్టుకోకపోతే ఎట్‌ఎగ్జిట్ నడవదు, కాబట్టి ఆ సంకేతం రాగానే మామూలుగా ముగిసేలా నాలుగు పంక్తులు రాయండి. కరెంటు పోయి ఆగితే మాత్రం ఇవేవీ నడవవు. అప్పుడు ఫైల్ తెరిచి లెక్కపెట్టుకోవడమే. ఆ ఫైల్ ఉన్న కంప్యూటర్‌కు యూపీఎస్ ఉందా?

చలిగది

ఉంది, బ్యాటరీ పాతది. రేపు మారుస్తాను.